సైన్యం నెట్‌వర్కు, ఎల్-వన్ టెండరు, మధ్యలో నలిగే చిన్న కంపెనీ

రక్షణ రంగంలో స్వావలంబన అనగానే మన పేపర్లలో ఏం వస్తుంది? క్షిపణి బొమ్మ, డ్రోను బొమ్మ, పక్కన మంత్రిగారి బొమ్మ. తప్పేం లేదు, రావాల్సిందే. కానీ ఆ క్షిపణి ఎక్కడుందో, ఆ డ్రోను ఏం చూసిందో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాలంటే మధ్యలో ఒక నెట్‌వర్కు పనిచెయ్యాలి. ఆ నెట్‌వర్కులో స్విచ్చి చచ్చిపోతే అర్ధరాత్రి లేచి వెళ్ళేవాడు ఒకడుండాలి. వాడి బొమ్మ ఎప్పుడైనా చూశారా? కనీసం వాడి జీతం ఎంతో తెలుసా?

ఈ టపాలో నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. సైన్యానికి నెట్‌వర్క్ ఇంజినీరింగ్ సేవలు చేసే చిన్న కంపెనీలని మనం కుర్చీలు, పరుపులు కొన్నట్టు కొంటున్నాం. ఇది ఆ కంపెనీలకి అన్యాయం. అంతకన్నా ముఖ్యంగా సైన్యానికి ప్రమాదం. "ఐటీ వాళ్ళం, మాకెందుకివన్నీ" అనుకునే మనలాంటివాళ్ళకి కూడా ఇందులో వాటా ఉంది, అదీ చెప్తాను.

ముందు కాస్త నేపథ్యం

మన సైనిక నెట్‌వర్కులు చిన్నవేం కాదు. వైమానిక దళం సొంత డిజిటల్ నెట్‌వర్కు ఏఎఫ్‌నెట్‌ని 2010 సెప్టెంబరు 14న అప్పటి రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ ప్రారంభించారు. సైన్యం తన దగ్గరున్న స్పెక్ట్రమ్‌ని మొబైల్ కంపెనీల కోసం వదులుకున్నందుకు బదులుగా ప్రత్యేకంగా ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కు వేసి ఇచ్చే ప్రాజెక్టుకి కేబినెట్ 2012లో 13,334 కోట్లు ఆమోదించింది. ఆ పని బీఎస్‌ఎన్‌ఎల్‌కి వెళ్ళింది. 2018లో ఇంకో 11,330 కోట్లు కలిపి మొత్తం 24,664 కోట్లు చేశారు. 2020 అక్టోబరు 1న ఆస్కాన్ నాలుగో దశకి ఐటీఐ లిమిటెడ్‌తో 7,796 కోట్ల ఒప్పందం కుదిరింది.

ఇవన్నీ పై అంతస్తు. పత్రికా ప్రకటనలు ఇక్కడితో ఆగిపోతాయి. కింది అంతస్తులో ఏముంటుంది? ప్రతి స్టేషన్‌లో ఒక లోకల్ నెట్‌వర్కు. రాకులు, స్విచ్చులు, మీడియా కన్వర్టర్లు, యూపీఎస్‌లు, ఎలకలు కొరికిన ప్యాచ్ కార్డులు, జేసీబీ తెంపిన ఫైబరు. వీటికి యేడాది యేడాది ఏఎంసీ టెండర్లు, రెసిడెంట్ ఇంజినీర్ టెండర్లు. పెద్ద ప్రాజెక్టుల్లో అయితే గవర్నమెంటు సంస్థ పైన ఉంటుంది, దాని కింద ఒక సిస్టమ్ ఇంటిగ్రేటర్, దాని కింద ఇంకొకడు, ఆ కింద పది పదిహేను మందితో నడిచే ఓ చిన్న కంపెనీ. స్ప్లైసింగ్ మెషీన్, ఓటీడీఆర్ సంచిలో వేసుకుని బస్సెక్కేది ఈ ఆఖరివాడే. అమెరికాలో లేయర్ల మీద లేయర్ల వెండార్ల కింద పనిచేసిన మనవాళ్ళకి ఈ నిచ్చెన గురించి నేను విడమర్చి చెప్పక్కర్లేదు :)

ఇంజినీరింగ్‌లో మా బ్యాచ్‌మేట్ ఒకడు సికింద్రాబాదులో ఇలాంటి కంపెనీలోనే పనిచేస్తున్నాడు. సిగ్నల్స్‌లో చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన పెట్టిన కంపెనీ, మొత్తం పద్నాలుగు మంది. ఏ యూనిట్టు, ఏ ఊరు అన్నది వాడు చెప్పడు, నేనూ అడగను. చెప్పకూడనివి పోగా చెప్పగలిగినవి విన్నా చాలు, మనకి మతి పోతుంది.

గూగుల్ లేని ఉద్యోగం

మనం ఆఫీసులో ఏదైనా ఎర్రర్ వస్తే ఏం చేస్తాం? కాపీ, పేస్ట్, సెర్చ్. ఈమధ్య అయితే ఏఐకి ఇచ్చేసి కాఫీకి వెళ్తాం. అక్కడ ఇంటర్నెట్ ఉండదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాలి. స్విచ్చి లాగులు బయటకి పోకూడదు కాబట్టి తయారీ కంపెనీ సపోర్టుకి పంపడం కుదరదు. ఫర్మ్‌వేర్ మార్చాలంటే ఫైలు తీసుకుని, స్కానింగులు చేయించి, సంతకాలు పెట్టించి, అప్పుడు లోపలికి తీసుకెళ్ళాలి. పోలీసు వెరిఫికేషన్ అయినవాడు తప్ప ఇంకొకడు వెళ్ళడానికి లేదు, వాడికి జ్వరం వచ్చినా సరే.

అంటే ఏంటి? ప్రోటోకాల్ నిజంగా తలలో ఉన్నవాడు కావాలి. లూప్ ఎక్కడ వచ్చిందో, స్పానింగ్ ట్రీ ఎందుకు తిరగబడిందో, ఎస్‌ఎఫ్‌పీ పోయిందా ఫైబరు పోయిందా అన్నది కన్సోల్ ముందు కూర్చుని బుర్రతో తేల్చేవాడు కావాలి. నా అంచనాలో మన గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇప్పుడున్న నెట్‌వర్కు వాళ్ళలో సగం మంది ఈ పరీక్షలో నిలబడరు. నాలాంటి డెవలపర్ల సంగతి వేరే చెప్పాలా?

ఇంత కష్టమైన పనిని మనం ఎలా కొంటున్నాం?

ఎల్-వన్ అనే మహమ్మారి

ఎల్-వన్ అంటే టెక్నికల్ బిడ్‌లో పాసైన వాళ్ళందరిలో ఎవడు తక్కువ రేటు వేస్తే వాడికి పని. వినడానికి బాగానే ఉంది. చిక్కంతా ఆ "టెక్నికల్‌గా పాసవడం" అన్న చోట ఉంది. "సీసీఎన్‌ఏ సర్టిఫికెట్టు, మూడేళ్ళ అనుభవం" అని రాస్తారు. కాగితం జతచేస్తే పాస్. ఆ కాగితం వెనక మనిషికి పని వచ్చా రాదా అన్నది ఎవ్వరూ చూడరు. అందరూ పాసయ్యాక మిగిలేది రేటు ఒక్కటే. పైగా 2016లో జెమ్ పోర్టల్ వచ్చాక కొన్ని బిడ్లకి రివర్స్ ఆక్షన్ కూడా పెడుతున్నారు. వేలంపాట తిరగేసి పాడినట్టు, కళ్ళముందే రేటు జారిపోతూ ఉంటుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. అంకెలు నావి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. పని వచ్చిన రెసిడెంట్ ఇంజినీర్‌కి నెలకి జీతం 35,000. పీఎఫ్, ఇన్సూరెన్సు, బోనసు 5,000. సెలవు పెడితే వేరే మనిషి, ప్రయాణాలు 4,000. సర్టిఫికెట్టు మూడేళ్ళకోసారి రెన్యువల్, ట్రైనింగు, టూల్సు 4,000. బ్యాంకు గ్యారంటీ, లేటయిన బిల్లుల మీద వడ్డీ 3,000. కంపెనీ ఖర్చు, లాభం కలిపి 4,000. మొత్తం 55,000. నిజాయితీగా ఇది రాస్తే మీరు ఓడిపోతారు. ఎందుకంటే పక్కవాడు 29,000 రాస్తాడు.

29,000కి వాడెలా చేస్తాడు? చెయ్యడు! సర్టిఫికెట్టు ఉన్నవాడి రెజ్యూమె పెట్టి టెండరు గెలుస్తాడు. తర్వాత "ఆయన రిజైన్ చేశారు సార్" అని పదిహేను వేలకి దొరికే ఫ్రెషర్‌ని పంపిస్తాడు. ఆ కుర్రాడు ఆరు నెలలు అక్కడే నేర్చుకుని, కాస్త పని వచ్చాక బయట రెట్టింపు జీతానికి వెళ్ళిపోతాడు. కుర్రాడిని నేను తప్పుపట్టను, నేనైనా అదే చేస్తాను. కానీ ఒక సైనిక స్టేషన్ నెట్‌వర్కు మ్యాపు తలలో పెట్టుకుని బయటకి వెళ్ళే మనుషులని ఆరు నెలలకొకణ్ణి తయారుచేస్తున్నాం కదా, దీన్ని భద్రత అంటారా? ఏటా నాలుగు రాళ్ళు మిగుల్చుకోవడానికి మనం ఇస్తున్న ధర ఇది.

మా వాడి కంపెనీ పెద్దాయన ఒకసారి నాతో అన్నమాట ఇది: "బాబూ, నేను యూనిఫాంలో ఉన్నప్పుడు ఇలాంటి కాంట్రాక్టరు వస్తే గేటు బయటే నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు వాడితోనే రేటు పోటీ పడమంటున్నారు." దీనికి నా దగ్గర జవాబు లేదు.

"చిన్నవాళ్ళకి రిజర్వేషన్లు ఉన్నాయిగా?"

ఉన్నాయి. 2012 నాటి కొనుగోళ్ళ విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చెయ్యాలి. మొదట 20 ఉండేది, 2018లో 25 చేశారు. అందులో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకి 4 శాతం, మహిళలకి 3 శాతం. ధరావతు మినహాయింపు కూడా ఉంది. బాగుంది.

ఇప్పుడు దాని పనితనం చూడండి. చిన్న కంపెనీ కోట్ చేసిన రేటు ఎల్-వన్ కన్నా 15 శాతం లోపు ఎక్కువ ఉంటే ఏం చేస్తారు? "నువ్వు కూడా ఎల్-వన్ రేటుకి దిగిరా, అప్పుడు నీకు పని ఇస్తాం" అంటారు. అంటే చిన్నవాడికి ఇచ్చిన వరం ఏంటయ్యా అంటే, పక్కవాడు మునిగిన గోతిలోనే మునిగే హక్కు! వస్తువు తయారుచేసేవాడు యంత్రం ఇంకో షిఫ్టు తిప్పి ఎలాగో సర్దుకోవచ్చు. సేవలు చేసేవాడి దగ్గర తగ్గించడానికి ఏముంటుంది? మనిషి జీతం ఒక్కటే.

2018లో మొదలైన ఐడెక్స్ పథకం గురించి కూడా చెప్తారు. స్టార్టప్పులకి గ్రాంటు ఇస్తారు, మంచి పథకమే. కానీ అది కొత్త ఉత్పత్తి కనిపెట్టేవాళ్ళ కోసం. ఉన్న నెట్‌వర్కుని పదేళ్ళు పడిపోకుండా నిలబెట్టేవాడు అందులో ఎక్కడ దరఖాస్తు పెట్టాలి? మన విధానాల దృష్టిలో డబ్బా తయారుచేస్తే ఆవిష్కరణ, డబ్బా నడిపిస్తే కూలిపని.

డబ్బులు ఎప్పుడొస్తాయి?

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లో చెల్లించాలి. లేటయితే రిజర్వుబ్యాంకు బ్యాంకు రేటుకి మూడింతలు, అదీ చక్రవడ్డీ. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఇంకోటి లేదేమో. దాని కోసం 2017లో సమాధాన్ అనే పోర్టల్ కూడా పెట్టారు. చిక్కల్లా ఫిర్యాదు ఎవరి మీద చెయ్యాలన్నదే. రేపు మళ్ళీ పని ఇవ్వాల్సినవాడి మీద! పెళ్ళివారి మీద కేసు పెట్టి భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది.

దానికితోడు "మాకు పైనుంచి వస్తే మీకిస్తాం" అనే క్లాజు ఒకటి. సబ్‌కాంట్రాక్టుల్లో దీన్ని అందరూ ముద్దుగా బ్యాక్-టు-బ్యాక్ అంటారు. చట్టం ఏమో మీరూ మీరూ రాసుకున్న గడువు అయినా సరే 45 రోజులు దాటడానికి వీల్లేదంటుంది. కానీ చట్టాన్ని చేత్తో పట్టుకుని పద్నాలుగు మంది కంపెనీ ఒక పెద్ద సంస్థ లీగల్ డిపార్ట్‌మెంటు ముందు ఎంతసేపు నిలబడుతుంది?

2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కంటాక్స్‌లో ఇంకో మెలిక పెట్టారు. చిన్న కంపెనీకి గడువులోపు చెల్లించకపోతే, చెల్లించిన యేడాదిలోనే ఆ ఖర్చు చూపించుకోవాలి. ప్రైవేటు కంపెనీలకి ఇది బాగానే చురుక్కుమంది. కానీ నేరుగా కొనేది ప్రభుత్వ శాఖ అయితే? దానికి ఇన్‌కంటాక్సే లేదు, ఇక చురుకెక్కడిది? అందరికన్నా ముందు దారి చూపించాల్సిన కొనుగోలుదారుకే ఆ కొరడా తగలదు.

వాదనలకి జవాబులు

*"ప్రజాధనం కదా, తక్కువ రేటుకి ఇవ్వకపోతే అవినీతి జరగదా?"* ఎల్-వన్ ఆపేది ఫైలులో కనపడే అవినీతిని. రెజ్యూమెలో ఒకణ్ణి చూపించి గేటు దగ్గర ఇంకొకణ్ణి దింపడం అవినీతి కాదా? పైగా నాణ్యతకి మార్కులు వేసే పద్ధతి నిషిద్ధమేం కాదు. 2021 అక్టోబరులో ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనల్లో, నాణ్యత ముఖ్యమని అధికారులు ప్రకటించిన కొన్ని కొనుగోళ్ళలో రేటుకి సంబంధం లేని అంశాలకి 30 శాతం దాకా వెయిటేజీ ఇవ్వొచ్చని చెప్పారు. దారి ఉంది. నడవడానికే భయం. ఎల్-వన్‌కి ఇస్తే ఆడిట్‌లో ఎవడూ ప్రశ్నించడు, అదీ అసలు సంగతి. నెట్‌వర్కు పడిపోతే అధికారి మీదకి రాదు, ఎల్-టూకి ఇస్తే మాత్రం వస్తుంది.

*"సైన్యమే సొంతంగా చేసుకోవచ్చుగా?"* 1911 నుంచి ఉన్న సిగ్నల్స్ కోర్ చేతకానిదేం కాదు. సరిహద్దుల్లో, యుద్ధంలో నెట్‌వర్కు నడిపేది వాళ్ళే, వాళ్ళే నడపాలి కూడా. కానీ యూనిఫాంలో ఉన్నవాళ్ళకి బదిలీలు ఉంటాయి. ఒకే చోట ఏళ్ళ తరబడి ఉండి, పాత కేబులు ఏ గోడలోంచి పోయిందో గుర్తుపెట్టుకునే మనిషి శాంతికాలపు స్టేషన్లలో కావాలి. ఆ మనిషి బయటివాడే అయినప్పుడు వాణ్ణి చవగ్గా కొనడం దేనికి?

*"చిన్న కంపెనీలు భద్రంగా ఉండవు, పెద్దవాళ్ళకి ఇస్తే పోలా?"* 2013లో అమెరికా గూఢచర్య రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ అప్పుడు పనిచేస్తున్నది బూజ్ అలెన్ హామిల్టన్ అనే కంపెనీలో. అదేమీ పద్నాలుగు మంది కంపెనీ కాదు. మన దగ్గర అయితే పెద్దవాడికి ఇచ్చినా గేటు దగ్గరకి వచ్చేది ఆ చిన్న కంపెనీ కుర్రాడే. మధ్యలో కమీషన్ పోవడం తప్ప తేడా ఏముంది?

అమెరికావాడు ఏం చేశాడు?

"అన్నిటికీ అమెరికా ఉదాహరణేనా" అనకండి, వాళ్ళు మనకన్నా ముందు కాల్చుకున్నారు కాబట్టి చెప్తున్నా. వాళ్ళకీ మన ఎల్-వన్ లాంటిది ఉంది. టెక్నికల్‌గా ఒప్పుకోదగ్గ వాటిలో అతి తక్కువ రేటు అనే పద్ధతి. 2017 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో వాళ్ళ కాంగ్రెస్ ఏం రాసిందంటే, ఐటీ సేవలకి, సైబర్ భద్రత సేవలకి, ఇలా తెలివి మీద నడిచే సేవలకి ఈ పద్ధతి వాడకుండా వీలైనంతవరకు తప్పించుకోండి అని. చట్టంలోనే!

బిల్లుల విషయంలో 1982 నుంచి వాళ్ళకో చట్టం ఉంది. ప్రభుత్వం గడువు దాటితే వడ్డీ దానంతట అదే కలిపి ఇవ్వాలి, కంపెనీ అడగక్కర్లేదు. మనకీ వాళ్ళకీ తేడా ఆ "అడగక్కర్లేదు" అన్న మాటలోనే ఉంది. చిన్న కంపెనీల కోసం పక్కనపెట్టిన సేవల కాంట్రాక్టులో గెలిచినవాడు సగం కన్నా ఎక్కువ డబ్బు పెద్ద కంపెనీల చేతుల్లోకి మళ్ళించకూడదు. 2025 నవంబరు 10 నుంచి రక్షణ కాంట్రాక్టుల్లో సైబర్ భద్రత సర్టిఫికేషన్ కూడా దశలవారీగా మొదలుపెట్టారు. రెండో లెవెల్‌లో 110 నిబంధనలున్నాయి.

అక్కడంతా స్వర్గం అనడం లేదు. ఆ 110 నిబంధనల ఖర్చుకి చిన్న కంపెనీలు లబోదిబోమంటున్నాయి. కాంట్రాక్టు చేతులు మారితే అదే మనిషి అదే కుర్చీలో బ్యాడ్జి మార్చుకుని కూర్చోవడం అక్కడా మామూలే. కానీ ఆ మనిషి కుర్చీలో మిగులుతున్నాడు, గమనించారా? మన దగ్గర కంపెనీ మారితే మనిషి పోతాడు, మనిషితో పాటు తెలివి పోతుంది.

చిన్న కంపెనీలకీ నాలుగు మాటలు

వీళ్ళేమీ ముత్యాలు కాదు. నష్టానికి కోట్ చేసి తర్వాత జీతాల్లో కోసేది వీళ్ళే. బ్యాంకులో జీతం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి పుచ్చుకునే పెద్దమనుషులూ ఉన్నారు. రెజ్యూమెలు మార్చేదీ వీళ్ళే. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అనే జబ్బుకి మన హైదరాబాదు ఎంత పేరుమోసిందో మీకు తెలీనిది కాదు. "ఏం చెయ్యమంటారు, పోటీ అలాంటిది" అంటారు. సైన్యం గేటు లోపలికి అబద్ధం మోసుకెళ్ళడానికి పోటీ సాకు కాదు. ఎల్-వన్ మంచివాణ్ణి ఏరేస్తుంది నిజమే, కానీ మోసగాణ్ణి మోసం చెయ్యమని అది బతిమాలలేదు.

ఇక మన వాటా

కాలేజీలో ఎవడైనా నెట్‌వర్కింగ్‌లోకి వెళ్తానంటే మనం ఏమన్నాం? "కేబుళ్ళు లాగే పనా?" అని నవ్వాం. కోడింగ్ రానివాడే ఆ పనికి పోతాడని తేల్చేశాం. ప్యాకేజీ అంకె తప్ప పని బరువు చూడని ఈ బుద్ధికి, టెండరు రాసే గుమాస్తా బుద్ధికి తేడా ఏమీ లేదు. ఇద్దరం మనిషిని ఒక్క అంకెతోనే తూచాం. ఆ తర్వాత ఆగస్టు 15న స్టేటస్‌లో జెండా పెడతాం.

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలేం కాదు.

ఒకటి, సైనిక నెట్‌వర్కు సేవలకి ఎల్-వన్ ఆపండి. కాగితం చూడ్డం మాని, ఒక రోజు ల్యాబులో చెడగొట్టిన నెట్‌వర్కు ఇచ్చి బాగుచెయ్యమనండి. చేసినవాళ్ళ రేట్లే తెరవండి. రెండు, ఇంజినీరు జీతం టెండరులోనే ఖాయం చేసి, కంపెనీలు తమ వాటా మీద మాత్రమే పోటీ పడేలా చెయ్యండి. మూడు, 45 రోజులు దాటితే వడ్డీ అడక్కుండానే బిల్లులో కలవాలి. నాలుగు, సబ్‌కాంట్రాక్టు ఎన్ని మెట్లు దిగొచ్చో హద్దు పెట్టండి, ఆఖరి మెట్టు మీద ఉన్నవాడి పేరు ఒప్పందంలో కనపడాలి. అయిదు, ఒప్పందం కనీసం మూడేళ్ళుండాలి. కాంట్రాక్టు మారినా పని వచ్చిన మనిషిని ముందు అడగాలి.

2025 నవంబరు 1 నుంచి రక్షణ శాఖ కొనుగోళ్ళ కొత్త మాన్యువల్ అమల్లోకి వచ్చింది. మాన్యువల్ మారడానికి పదహారేళ్ళు పట్టింది, అంతకు ముందుది 2009 నాటిది. పుస్తకం కొత్తదైనంత మాత్రాన టెండరు రాసే చెయ్యి మారదు. ఆ చెయ్యి మారాలంటే, ఈ పని విలువ తెలిసినవాళ్ళు గట్టిగా అడగాలి. స్పానింగ్ ట్రీ అంటే ఏంటో మంత్రిగారికి తెలీదు, ఆడిటర్‌కి తెలీదు, టీవీ యాంకరుకి తెలీదు. మీకు తెలుసు. మీరు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?